ల్యాబ్ గడప దాటిన తోడు

2022 చలికాలం. మ్యూనిక్ శివార్లలో ఒక పరిశోధన సంస్థలో నేను బయోసేఫ్టీ ఆఫీసర్ని. ఇప్పటికీ అదే ఉద్యోగం. ఆ పేరు చెబితే మనవాళ్లలో సగం మంది నేను గేటు దగ్గర లాఠీ పట్టుకుని నిలబడతాననుకుంటారు. జన్యువులు మార్చిన సూక్ష్మజీవులూ మొక్కలూ ల్యాబ్ లోపలే ఉండాలి, పనయ్యాక ప్రాణంతో బయటికి పోకూడదు. అది చూసుకోవడమే నా పని. జర్మనీలో దీనికి ప్రత్యేకంగా చట్టం ఉంది. ఆ చట్టానికి నాలాంటి నోరున్నవాళ్లు కాపలా కాయాలి.

మా భవనంలో పై అంతస్తు వాళ్లు గోధుమ గడ్డిని ఇంధనంగా మార్చే ఈస్ట్ మీద పనిచేస్తారు. వెనక గ్రీన్‌హౌస్‌లో కరువుకు తట్టుకునే మొక్కజొన్న పెంచుతారు. కింది అంతస్తు తిండి వాళ్లది. అక్కడ పెరుగు తోడుకునేలా చేసే బ్యాక్టీరియాలో కొన్ని జన్యువులు మార్చి, అది పాలలో పెరుగుతూ ఫోలేట్ బాగా తయారుచేసేలా చేశారు. ఫోలేట్ అంటే ఆకుకూరల్లో ఉండే ఒక బి విటమిన్. దాన్నే మాత్రగా చేస్తే ఫోలిక్ యాసిడ్ అంటారు, గర్భిణులకు ఇస్తారు. విటమిన్ మాత్రలు దొరకని చోట ఒక చెంచా తోడుతో ఇంటిల్లిపాదికీ ఫోలేట్ అందించాలన్నది వాళ్ల ఆశ. మంచి ఆశే. అది ఎస్-వన్ ల్యాబ్, అంటే ప్రమాదం దాదాపు లేదని తేల్చిన తరగతి. అయినా సరే, అందులో పెరిగింది ఏదైనా ఆటోక్లేవ్‌లోకి వెళ్లాల్సిందే. ఆటోక్లేవ్ అంటే మనిషి పట్టేంత ప్రెషర్ కుక్కర్ అనుకోండి. దాని ఆవిరిలో ఏ ప్రాణీ మిగలదు.

శ్రావణి ఆ కింది అంతస్తులో మాస్టర్స్ థీసిస్ చేస్తుండేది. జగిత్యాల పిల్ల. చురుకైనది, చెయ్యి శుభ్రం. ట్యూబుల్లో తోడుకున్న పాలను వెలుతురుకు ఎత్తి చూస్తూ "మా పిల్లలు ఇయ్యాల మంచిగ పనిజేసిన్రు" అని మురిసిపోయేది. నాకు అలాంటివాళ్లంటే ఇష్టం. పనిని ప్రేమించేవాళ్లు అజాగ్రత్తగా ఉండరని నా నమ్మకం.

ప్రమీలక్క మా తెలుగు ప్రార్థన కూటంలో పెద్ద దిక్కు. సొంతూరు తెనాలి. భర్త సుధాకర్ గారు ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఐటీ ఉద్యోగి, ఆమె ఒక కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, వంట చూసేది. ఆదివారం ప్రార్థనయ్యాక ఆమె గిన్నెల మూతలు తీస్తే చదువుకునే పిల్లలంతా అక్కడే మూగేవాళ్లు. శ్రావణి ఆమెకు దగ్గరైంది అక్కడే. చర్చికి కాదు, చారుకు వస్తున్నానని తనే చెప్పుకునేది. ప్రమీలక్క నవ్వి ఇంకో గరిటె పోసేది.

ఆ ఏడు ఎండాకాలంలో ప్రమీలక్కకు పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. ఎక్కడైనా కణాలు మిగిలి ఉంటే చావాలని కీమో మాత్రలు మొదలుపెట్టారు. ఇంట్లోనే వేసుకోవచ్చు, మధ్యమధ్యలో ఆసుపత్రిలో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంటుంది. మొదట్లో తిండి తగ్గినా బాగానే తట్టుకుంది. చలి ముదిరేసరికి పరిస్థితి తిరగబడింది.

ఒక శనివారం మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. తలుపు ప్రమీలక్కే తీసింది. అరచేతులు కాలినట్టు ఎర్రబడి పొలుసులు లేస్తున్నాయి. నోరంతా పూత. విరేచనాలతో ఒంట్లో నీరు లేదు. సోఫాలో దిండు ఆనుకుని కూర్చుని, మాట మాటకీ ఆగుతూ చెప్పింది.

"మోతాదు తగ్గించారు సునీతా, అయినా ఇంతే. ఈ మందు ఒంటికి పడుతుందో లేదో ముందే రక్తపరీక్ష చేశారు. పడుతుందనే వచ్చింది. మరి ఇలా ఎందుకవుతోందో వాళ్లకీ అంతుబట్టట్లేదు. వచ్చే టెర్మిన్‌కి తగ్గకపోతే మాత్రలు పూర్తిగా ఆపేస్తామన్నారు."

"ఆపేస్తే?"

"ఏముంది, ఆ మిగిలినవి మిగిలిపోతాయి." దిండు సర్దుకుని మళ్లీ తనే అంది. "వెళ్లినప్పుడల్లా విటమిన్లేమైనా వేసుకుంటున్నావా అని అడుగుతున్నారు. ఫోలిక్ యాసిడ్ అసలు ముట్టుకోవద్దన్నారు. నేనెందుకు ముట్టుకుంటాను చెప్పు? ఇంత పెరుగన్నం తప్ప ఇంకేదీ గొంతు దిగట్లేదు."

ఫోలిక్ యాసిడ్ మాట విన్నప్పుడు నాకేమీ తట్టలేదు. మజ్జిగ చేసి ఇద్దామని వంటింట్లోకి వెళ్లాను. పెరుగు గిన్నె మూత తీస్తే, గిన్నె వంచినా కదలనంత గట్టిగా తోడుకుని ఉంది. జర్మనీ చలికాలంలో మనవాళ్ల ఇళ్లలో అలాంటి పెరుగు చూడటం అరుదు. మెచ్చుకుంటూ కవ్వం కోసం చూస్తుంటే పోపు డబ్బా పక్కన ఒక ప్లాస్టిక్ ట్యూబ్ కనిపించింది. నీలం మూత, అడుగు మొనదేలి, పక్కన కొలత గీతలు. అందులో ఆవాలు.

మా ల్యాబుల్లో రోజూ చెత్తలోకి వెళ్లే ట్యూబ్ అది. మన వంటిళ్ల సంగతి తెలుసు కదా, మూత గట్టిగా పడే డబ్బాని ఎవరూ పారెయ్యరు.

"అక్కా, ఇదెక్కడిది?"

"చలి మొదలయ్యేటప్పుడు శ్రావణి తోడు తెచ్చింది దాన్లోనే. నేను ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఇంటి తోడు పాడైపోయిందిగా. వాళ్ల ఫ్రెండ్ ఎవరి దగ్గరో తీసుకొచ్చిందంట. చూశావా, పెరుగు ఎలా తోడుకుందో?"

 ఇంతకుముందు విన్న ఫోలిక్ యాసిడ్ మాట అప్పుడు గుర్తొచ్చింది. ట్యూబ్ మీద రాత కడిగేసి ఉంది. అందులో వచ్చింది జన్యువులు మార్చనిదైతే, దాన్ని కంట్రోల్ అంటాం, అది మామూలు పెరుగే. ఫోలేట్ తయారుచేసే రెండోదైతే? చేతిలో గిన్నె అక్కడే పెట్టేశాను. అక్కకు మజ్జిగ ఇవ్వలేదు, టీ పెట్టి ఇచ్చాను. "ఈ పెరుగు నాకు తేడాగా అనిపిస్తోందక్కా. శ్రావణిని అడిగేదాకా ముట్టుకోకు" అన్నాను. శనివారాల్లో ఆ అమ్మాయి సాయానికి వస్తుంది. ఇంకాసేపట్లో రావాలి.

గంట మోగగానే తలుపు దగ్గరే ఆపి, మెట్ల మీదికి తీసుకెళ్లాను.

"ఆ తోడు కంట్రోలా, ఫోలేట్‌దా?"

ముఖం పాలిపోయింది. అబద్ధం మాత్రం ఆడలేదు. "ఫోలేట్‌దే, అక్కా."

"ఎందుకే?"

"అక్క ఏం తింటలేదు గదా. మనిషి సగమైపోయింది. మన పెరుగు ఉంటే బాగుండు అని రోజూ అంటుండె. ఉత్త పెరుగెందుకు, దీంట్ల విటమిన్ ఉంటది, బలమొస్తది అనుకున్న. అది ఏం చెయ్యదక్కా. నాకు తెల్సు. నేనే చేసిన గదా దాన్ని."

బలం. మన ఇళ్లల్లో ఆ మాట అంటే ఇక ఎదురు లేదు. జ్వరం నుంచి లేచిన వాడికి బలం, బాలింతకు బలం, పరీక్షలు రాసే పిల్లలకు బలం. దేనికి బలం, ఎవరికి బలం అని ఎవరూ అడగరు. మైక్రోబయాలజీలో మాస్టర్స్ చేస్తున్న పిల్ల కూడా అడగలేదు.

నేను చెప్పాను. ఆ రకం కీమో మాత్రలు వేసుకునేవాళ్లకు ఫోలేట్ ఎక్కువైతే, అది ఆ మందుని ఒంట్లో ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు నోటి పొర, పేగు పొర, అరచేతుల చర్మం కూడా దెబ్బతింటాయి. "నువ్వు పంపిన బలం అక్కకు అందలేదమ్మా, మందుకు అందింది."

గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి మెట్టు మీద కూర్చుంది.  తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీ కాళ్లు మొక్కుత. దవాఖాన్ల చెప్పుండ్రి, గానీ నా పేరు చెప్పకుండ్రి. థీసిస్ పోతది. వీసా పోతది. మా బాపుకు ఏమని చెప్పాలె?"

 నాకూ ఆ వయసు పిల్లలున్నారు. కోపం మాత్రం తగ్గలేదు. "ఆసుపత్రికి నీ పేరుతో పనిలేదు, నువ్వు చేసిన బ్యాక్టీరియా పేరు చాలు. మా ఆఫీసుకు నీ పేరు కావాలి. అది నేను దాచను, దాస్తే ఈ కుర్చీలో కూర్చోకూడదు. వాటన్నిటికంటే ముందు లోపలున్న మనిషికి తెలియాలి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ముక్కు తుడుచుకుని లేచింది. "నేనే చెప్త" అంది.

ప్రమీలక్క ఎదురుగా చాప మీద కూర్చుని మొత్తం చెప్పింది. తోడు ఫ్రెండ్ ఇచ్చింది కాదని, తను పనిచేసే ల్యాబ్‌లోదని, అందులో జన్యువులు మార్చారని, ఫోలిక్ యాసిడ్ లాంటిదే అది తయారుచేస్తుందని. చెప్తూ చెప్తూ వెక్కిళ్లు పెట్టింది. నేననుకున్నాను, ప్రమీలక్క దగ్గరికి తీసుకుంటుంది, పోన్లే తల్లీ అంటుంది అని. ఆమెను ఎరిగినవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. ఆమె అలా అనలేదు.

"ఆసుపత్రిలో నాకు సూది గుచ్చిన ప్రతి మనిషీ అదేంటో చెప్పే గుచ్చారు శ్రావణీ. దీనివల్ల ఇది అవుతుంది, ఇది అవ్వచ్చు, నీకు సరేనా అని అడిగారు. నేను సరే అన్నాకే గుచ్చారు. వాళ్లకి నేనేమవుతాను? ఏమీ కాను. నువ్వు నా వంటింట్లో తిరిగేదానివి. నన్నొక్క మాట అడగాలని నీకెందుకనిపించలేదు?"

"చెప్తే భయపడి తినరేమో అనుకున్న అక్కా."

"భయపడేదాన్నేమో. తినకపోయేదాన్నేమో. అది నా ఇష్టం కదమ్మా. ఈ ఒళ్లు ఎలాగూ నా మాట వినట్లేదు. నోరైనా నాది కాదా?"



సుధాకర్ గారు బజారు నుంచి వచ్చేలోపు నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను. అటువైపు డాక్టరమ్మ ఓపిగ్గా విని, ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగింది. పెరుగా? అవును, పెరుగే. రోజూనా? రోజూ, రెండు పూటలా. వెంటనే తీసుకురమ్మంది. చేర్చుకుని సెలైన్ పెట్టారు, మాత్రలు ఆపారు. పెరుగులోని ఫోలేట్ వల్లే ఇదంతా అయిందని వాళ్లు ఖాయంగా చెప్పలేదు. అయ్యుండొచ్చన్నారు, కాదనడానికి కారణం కనిపించడం లేదన్నారు. పెరుగు మానేశాక విరేచనాలు కట్టాయి, నోరు మానింది, అరచేతులకు కొత్త చర్మం వచ్చింది. కొన్ని వారాలు ఆగి, మళ్లీ తక్కువ మోతాదుతో మాత్రలు మొదలుపెట్టారు.

ఇక నా పని. ప్రమీలక్కను ఆసుపత్రిలోనే అడిగాను, ఇంకెవరికైనా తోడిచ్చావా అని. "అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాను?" అంది. నాకు తల పట్టుకోవాలనిపించింది. మన ఇళ్లలో తోడు ఒకచోట ఆగదు. ఆమె ఇచ్చిన ఇళ్లకూ, వాళ్లు ఇచ్చిన ఇళ్లకూ ఎస్-బాన్, ఊ-బాన్ రైళ్లు మారుతూ తిరిగాను. మూత బిగించే డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి పెరుగు ఇవ్వమని అడగటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకావిడైతే "ఇంత కమ్మటి పెరుగు పారబోయడానికి మీకు మనసెలా వస్తోందండీ?" అని గిన్నె గుండెకు హత్తుకుంది. ప్రతి ఇంట్లోనూ కూర్చుని అది ఏమిటో, ఎక్కడిదో, ఎవరి ఒంటికి పడదో చెప్పాను. శ్రావణి పేరు మాత్రం ఆ గుమ్మాల్లో ఎత్తలేదు, అక్కడ దాని అవసరం లేదు. మిగతావాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ పెరుగంతా తెచ్చి ఆటోక్లేవ్‌లో పెట్టినప్పుడు పాలు విరిగిన వాసన నడవా అంతా నిండింది. నాకు ఏడుపొచ్చింది. ఆ బ్యాక్టీరియా చెడ్డది కాదు. ఏ పని చెయ్యమని చేశారో ఆ పనే చేసింది. ఇంకో ఊళ్లో ఇంకో మనిషికి అదే మేలు చేసి ఉండేది.

ఆ ల్యాబ్ ప్రొఫెసర్‌కూ, సంస్థ పెద్దలకూ, వాళ్ల ద్వారా ప్రభుత్వ అధికారులకూ విషయం వెళ్లింది. శ్రావణి పేరు నా చేత్తోనే రాశాను. రాసే ముందు ప్రమీలక్క ఫోన్ చేసి "ఆ పిల్ల పేరు లేకుండా కుదరదా?" అని అడిగింది. కుదరదన్నాను. "సరే, ఆ సంగతి తనతో చెప్పే రాయి" అంది. చెప్పే రాశాను. శ్రావణిని ల్యాబ్‌లోకి రానివ్వడం ఆపేశారు, థీసిస్ ఆగిపోయింది. వీసా పోలేదు. తర్వాత వేరే ఊళ్లో, సూక్ష్మజీవులు ముట్టుకోనక్కర్లేని కంప్యూటర్ పని మీద థీసిస్ మళ్లీ మొదలుపెట్టింది. ఆలస్యమైంది, ఆ ఆలస్యాన్ని వాళ్ల బాపుకు తనే వివరించుకుంది.

ప్రమీలక్క కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం తనే రమ్మంది. శ్రావణి మ్యూనిక్ వచ్చినప్పుడల్లా జావ కాచి గిన్నె ముందు పెట్టేది. ప్రమీలక్క చెంచా ఎత్తి పట్టుకుని "ఇందులో ఏమేశావ్?" అనేది. "రవ్వ, నీళ్లు, ఉప్పు అక్కా." "ఇంకా?" "ఇంకేం లేదక్కా." "పెట్టు మరి" అని చెంచా ఆమె చేతికిచ్చి నోరు తెరిచేది. చూసేవాళ్లకు వేళాకోళంలా ఉండేది. శ్రావణి మాత్రం ప్రతిసారీ నిలబడి, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పేది.

మాత్రల కోర్సు పూర్తయింది. ఒక ఏడాది పాటు స్కానులన్నీ బాగానే వచ్చాయి. ఆ తర్వాత కాలేయంలో కనిపించింది. ఎక్కువ కాలం బతకలేదు. చివరి రోజుల్లో కూడా నర్సు కొత్త సీసా తగిలిస్తే, అదేంటో అడిగి తెలుసుకున్నాకే కళ్లు మూసుకునేది. మ్యూనిక్‌లోనే సమాధి చేశాం. చలిగాలికి పాట మధ్యలో గొంతులు వణికాయి.

అందరూ కాఫీ హాలు వైపు వెళ్లిపోయాక శ్రావణి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ మాత్రలు ఆపిన వారాల వల్లనేనా? నా వల్లనేనా?"

"ఎవరినైనా అడిగావా?"

"అందరూ కాదంటున్రు. సుధాకరన్న సుత కాదన్నడు. నువ్వేం మనసుల పెట్టుకోకు బిడ్డా అన్నడు."

నాక్కూడా కాదనే మాట నోటిదాకా వచ్చింది. ఒక్క మాటే కదా, ఆ పిల్ల రాత్రి నిద్రపోతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ మంచితనం ఎలాంటిదో నాకు అప్పటికి తెలుసు. ఏమి పెడుతున్నామో చెప్పకుండా, మంచిదే కదా అని నోట్లో పెట్టేసే మంచితనం అది.

"తెలియదమ్మా" అన్నాను. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఆ వారాలు ఆగకపోయినా జబ్బు తిరిగొచ్చేదేమో. డాక్టర్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఎప్పటికీ తెలియదు."

తల ఊపింది. ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. కాఫీ హాలు వైపు కాకుండా, మట్టి ఇంకా తడిగా ఉన్న చోటుకు తిరిగి వెళ్లి ఒక్కతే నిలబడింది. నేను పిలవలేదు.

నా ఉద్యోగంలో ఎన్నో నిబంధనలు నేర్చుకున్నాను, ఎంతోమందికి నేర్పాను. ప్రేమ ఉన్నంత మాత్రాన ఎదుటి మనిషిని అడగాల్సిన అవసరం తీరిపోదని మాత్రం ప్రమీలక్క నేర్పింది. ఆ రోజు తెలియదని చెప్పాక నేనూ చాలా రాత్రులు నిద్రపోలేదు. శ్రావణి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఏదైనా పెద్ద విషయం అడగాల్సి వస్తే, ముందు నన్నే అడుగుతుంది.